పే స్లిప్ లేదు, సిబిల్ లేదు, మరి క్రెడిట్ కార్డ్ ఎలా? వైజాగ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాకలో నాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. ఐటీఆర్‌లు (ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లు), జీఎస్టీ, పాన్ తప్పులు దిద్దడం, ఇవే మా పనులు. కానీ ఈమధ్య కుర్చీలో కూర్చున్న ప్రతి ముగ్గురిలో ఒకళ్ళు చివర్లో లేస్తూ "అన్నట్టు సార్, క్రెడిట్ కార్డ్ ఇవ్వట్లేదు, ఇన్‌కమ్ ప్రూఫ్ అంటున్నారు, ఏటి చెయ్యాలి" అని అడుగుతున్నారు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోతోంది, అందుకే అన్నీ ఒక్కచోట రాసి పడేస్తున్నా.

సిబిల్‌లో నా స్కోరు -1 అని వస్తోంది. బ్లాక్‌లిస్ట్‌లో పెట్టారా?

లేదండీ. సిబిల్ అంటే మన అప్పులు, వాటిని కట్టిన తీరు రాసిపెట్టే సంస్థ. మైనస్ చూసి కంగారు పడకండి, మీ పేరు మీద ఎప్పుడూ అప్పు లేదు కాబట్టి లెక్క కట్టడానికి ఏమీ లేదు అని దానర్థం, అంతే. స్కోరు అంటూ ఉంటే అది 300 నుంచి 900 మధ్య ఉంటుంది. కొన్ని రిపోర్టుల్లో -1 బదులు ఎన్‌హెచ్ అనో ఎన్‌ఏ అనో వస్తుంది, అదీ ఇదే. ఎగ్గొట్టినవాడి స్కోరు వేరు, అసలు అప్పే చెయ్యనివాడి ఖాళీ పేజీ వేరు.

ఇంకోటి, కనీసం ఇంత స్కోరు ఉండాలి అని ఆర్‌బీఐ రూల్ ఏదీ లేదు. మొదటిసారి అప్పుకొచ్చినవాళ్ళని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని ఆర్‌బీఐ బ్యాంకులకి చెప్పిందని 2025 ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటులోనే చెప్పింది. అలా అని కౌంటర్ దగ్గరికెళ్ళి గొడవపడితే కార్డ్ రాదు, ఎవరికివ్వాలి అన్నది చివరికి బ్యాంకు ఇష్టమే. హిస్టరీ లేనప్పుడు వాళ్ళకి చూసుకోడానికి మిగిలేది మీ ఆదాయం ఒక్కటే, అందుకే దాని మీద అంత పట్టు పడతారు.

నేను పైసా అప్పు చెయ్యలేదు, కానీ రిపోర్ట్‌లో ఏదో లోన్ కనిపిస్తోంది?

ఇది మీరనుకున్నదాని కన్నా ఎక్కువ జరుగుతుంది. ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అమ్మ గానీ మీరు గానీ డ్వాక్రా గ్రూపులో ఉన్నారా? డాబా గార్డెన్స్‌లో ఫోన్ ఈఎంఐలో కొన్నారా? ఊళ్ళో నాన్న మీ పేరున బంగారం కుదవపెట్టి పంట లోన్ తీసుకున్నారా? ఫ్రెండ్‌కి షూరిటీ సంతకం పెట్టారా? ఇవన్నీ రిపోర్టుకి ఎక్కేవే. ఆన్‌లైన్‌లో "తర్వాత కడతా" బటన్ నొక్కినా సరే, చాలావాటిలో అది లోన్ కిందే నమోదవుతుంది.

అందుకే కార్డ్‌కి అప్లై చేసేముందు రిపోర్ట్ తెచ్చుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, ఈ నలుగురూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి, 2017 నుంచి ఉన్న రూలే. మీ రిపోర్ట్ మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. మీది కాని లోన్ కనిపిస్తే మాత్రం ముందు డిస్ప్యూట్ (ఇది నాది కాదని ఫిర్యాదు) పెట్టి అది తీయించుకోండి, కార్డ్ సంగతి తర్వాత.

అసలు బ్యాంకువాళ్ళు ఇన్‌కమ్ ప్రూఫ్‌లో ఏం చూస్తారు?

అందరూ "ఎంత" అనే చూస్తారనుకుంటారు. నాకు తెలిసినంతలో వాళ్ళు ముందు చూసేది "ఎక్కడి నుంచి, ఎన్నాళ్ళ నుంచి". నెలనెలా 22 వేలు ఒకే కంపెనీ పేరుతో ఆరు నెలలుగా పడుతున్న అకౌంటు, ఒకే రోజు 3 లక్షలు క్యాష్ పడి మిగతా రోజులన్నీ 400 బ్యాలెన్స్‌తో ఉన్న అకౌంటు కన్నా వంద రెట్లు నయం. జేబులో ఎంతున్నా కాగితం మీద దాని దారి కనపడకపోతే బ్యాంకుకి అది లేనట్టే.

ఉద్యోగస్తులైతే మామూలుగా అడిగేవి ఆఖరి రెండు మూడు నెలల పే స్లిప్పులు, జీతం పడే అకౌంటు స్టేట్‌మెంటు మూడు నుంచి ఆరు నెలలది, ఫారం 16 (జీతం, కట్టయిన పన్ను చూపించే కాగితం). సొంత పని అయితే ఐటీఆర్, దాని కంప్యుటేషన్ (ఆదాయం, పన్ను లెక్క కట్టిన కాగితం), బ్యాంక్ స్టేట్‌మెంటు, ఏదైనా రిజిస్ట్రేషన్ ఉంటే అది. పాన్, ఆధార్ ఎలాగూ తప్పవు. ఈమధ్య అకౌంట్ అగ్రిగేటర్ అని వచ్చింది, 2021 నుంచి నడుస్తోంది, మీరు ఫోన్‌లో ఓకే చెప్తే మీ స్టేట్‌మెంటు నేరుగా ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి వెళ్తుంది, పీడీఎఫ్‌లు, జిరాక్సులు ఏమీ అక్కర్లేదు. ఎవరికి ఇస్తున్నారు, ఎన్నాళ్ళకి ఇస్తున్నారు అన్నది చదివి ఓకే చెప్పండి, తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు కూడా.

అప్లికేషన్‌లో ఆదాయం గడి దగ్గర చాలామంది గ్రాస్ రాసేస్తారు. నెలకి చేతికొచ్చేది అడిగితే చేతికొచ్చేదే రాయండి, పీఎఫ్ కట్టయ్యాక అకౌంటులో పడే అంకె. అక్కడ 35 వేలు రాసి స్టేట్‌మెంటులో 29 వేలు పడుతుంటే మీరు అబద్ధం ఆడారనే అనుకుంటారు, గ్రాస్‌కీ నెట్‌కీ తేడా మీకు తెలీదని ఎవరూ అనుకోరు.

సచివాలయంలో తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్ ఇవ్వొచ్చా?

వద్దు బాబూ! అది ఫీజు రీయింబర్స్‌మెంటుకి, స్కాలర్‌షిప్‌కి. ఒకాయన ఏం చేశారంటే పిల్ల కాలేజీ కోసం తీసుకున్న సర్టిఫికెట్, ఏడాదికి 80 వేలు అని ఉన్నది, దాన్ని పట్టుకెళ్ళి కార్డ్ ఫారంలో నెలకి 40 వేలు అని రాసి రెండూ కలిపి పిన్ కొట్టి ఇచ్చేశారు. ఇక నేనేం చెప్పను.

స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ వర్కర్‌ని. పే స్లిప్ ఇవ్వరు. ఏం చూపించాలి?

పర్మనెంట్ వాళ్ళకి బ్యాంకులే వెంటపడి ఇస్తాయి, నేవీ వాళ్ళకీ, హెచ్‌పీసీఎల్ వాళ్ళకీ అంతే. అదే గేటు లోపల అదే ఎండలో పనిచేసే కాంట్రాక్ట్ మనిషికి మాత్రం సవాలక్ష ప్రశ్నలు. నాకిది న్యాయంగా అనిపించదు, కానీ ఉన్నమాట చెప్తున్నా.

వేజ్ స్లిప్ ఇవ్వడం కాంట్రాక్టర్ బాధ్యత, ముందు అడగండి. ఇవ్వకపోయినా మీ చేతిలో ఒక గట్టి కాగితం ఉంది, అది పీఎఫ్ పాస్‌బుక్. ఉమంగ్ యాప్‌లో యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబరు) లాగిన్ అయితే ఏ నెల ఎవరు ఎంత కట్టారో వస్తుంది, మీ వాటా మామూలుగా బేసిక్, డీఏ కలిపినదాంట్లో 12 శాతం కాబట్టి దాన్నుంచి జీతం ఎంతో ఒక అంచనా తెలుస్తుంది. దానికి బ్యాంక్ స్టేట్‌మెంటు, గేట్ పాస్ జత చెయ్యండి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తీసుకోకుండా పాతదానికే కలిపించుకోండి, లేకపోతే పదేళ్ళ సర్వీసు ఉన్నా కాగితం మీద నిన్న చేరినట్టే కనపడతారు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం, దువ్వాడ సెజ్ వాళ్ళకీ ఇదే మాట.

జీతం చేతికి క్యాష్‌గా ఇస్తుంటే ముందు దాన్ని అకౌంటుకి వేయించుకోండి. అది జరిగి ఆరు నెలలు కాకుండా అప్లై చెయ్యొద్దు.

ఫుడ్ డెలివరీ చేస్తా, రోజుకి వెయ్యి పైనే వస్తుంది. నేను ఉద్యోగా, వ్యాపారమా?

బ్యాంకు లెక్కలో సొంత పని కిందకి వస్తారు. వారం వారం పడే పేమెంట్లు అన్నీ ఒకే అకౌంటుకి పెట్టుకోండి, మూడు యాప్‌లు నడుపుతూ మూడు అకౌంట్లు పెట్టుకుంటే ఎందులో చూసినా తక్కువే కనపడుతుంది. యాప్‌లో వచ్చే పేఔట్ స్టేట్‌మెంట్లు దాచుకోండి. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో దొరికే 26ఏఎస్‌లోనో ఏఐఎస్‌లోనో మీ పేరున టీడీఎస్ (ముందే పట్టుకున్న పన్ను) కట్టయినట్టు ఉంటే ఐటీఆర్ వేసి అది వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ ఐటీఆరే మీ ఇన్‌కమ్ ప్రూఫ్ కూడా అవుతుంది, ఒక దెబ్బకి రెండు పిట్టలు.

హార్బర్‌లో చేపల వ్యాపారం. అంతా క్యాషే. కార్డ్ కోసం అకౌంటులో ఒకేసారి వేసేస్తే పోలా?

పోదు. ఫిషింగ్ హార్బర్ వాళ్ళూ, పూర్ణా మార్కెట్ వాళ్ళూ అడిగే ప్రశ్నే ఇది. పెద్ద మొత్తంలో క్యాష్ వేస్తే పాన్ అడుగుతారు, సేవింగ్స్‌లో ఏడాదికి 10 లక్షలు దాటితే బ్యాంకే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి రిపోర్ట్ చేస్తుంది. అంటే కార్డ్ రాదు సరికదా నోటీసు రావచ్చు. ఇంకో తెలివి కూడా చూశా, బావమరిది నెలనెలా 30 వేలు పంపిస్తాడు, రెండోరోజు మళ్ళీ ఆయనకే వెనక్కి పంపించేస్తారు, స్టేట్‌మెంటులో జీతంలా కనపడాలని. వాటిని ఇప్పుడు మనిషి చూడట్లేదు, సాఫ్ట్‌వేర్ చూస్తోంది, వచ్చిన డబ్బు వచ్చినట్టే తిరిగెళ్ళిపోతే ఇట్టే పట్టేస్తుంది.

చెయ్యాల్సింది బోరింగ్ పని. కొనేవాళ్ళ దగ్గర క్యూఆర్ పెట్టండి, హోటళ్ళకి పోసేది బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌లో అడగండి, వచ్చిన క్యాష్ రోజువారీ చిన్న మొత్తాల్లో నిజంగా ఎంత వస్తే అంత వెయ్యండి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, ఆధార్‌తో ఇంట్లోంచే అవుతుంది, దానికి డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. అమ్మకాల మీద క్యాష్‌కి 8 శాతం, డిజిటల్‌గా వచ్చినదానికి 6 శాతం లాభం చూపిస్తే చాలు అనే ప్రిజంప్టివ్ స్కీమ్ ఉంది, పాత చట్టంలో 44ఏడీ అనేవాళ్ళం, పుస్తకాలు రాయక్కర్లేదు. ఇంట్లో కూర్చుని కోడ్ రాసే ఫ్రీలాన్సర్లకైతే అది 50 శాతం. ఇక్కడ ఒక మెలిక ఉంది, 30 లక్షలు అమ్మి 8 శాతమే చూపిస్తే మీ ఆదాయం 2 లక్షల 40 వేలు అవుతుంది, బ్యాంకు చూసేది ఆ అంకెనే. పన్ను తగ్గించుకోడానికి ఆదాయం తక్కువ చూపించి మళ్ళీ కార్డ్ దగ్గర ఎక్కువ అడిగితే కుదరదు కదా.

ఐటీఆర్ వేస్తే రైస్ కార్డ్ పోతుందా?

క్రెడిట్ కార్డ్ అడిగే ప్రతి రెండో ఇంట్లో ఉన్న భయం ఇదే, ఎవరూ పైకి అనరు. ఆంధ్రాలో రైస్ కార్డ్‌కి ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు ఇంట్లో ఉండకూడదని షరతు ఉంది. రిటర్న్ వెయ్యడం వేరు, పన్ను కట్టడం వేరు. కానీ మీ ఇంట్లో పెన్షన్లు, ఫీజులు ఆ కార్డ్ మీద ఆధారపడి ఉంటే ఐటీఆర్ వెయ్యకముందే వార్డు సచివాలయంలో అడిగి తేల్చుకోండి. క్రెడిట్ కార్డ్ కోసం అమ్మ పెన్షన్ పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు, మీకు కింద చెప్పే ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) దారే నయం.

మర్చంట్ నేవీలో చేస్తున్నా, జీతం డాలర్లలో, అయినా రిజెక్ట్ చేశారు?

మన ఊళ్ళో మీలాంటోళ్ళు చాలామందే. విదేశీ రూట్లో తిరుగుతూ ఏడాదిలో మన దేశంలో 182 రోజుల కన్నా తక్కువ ఉంటే ఎన్ఆర్ఐ అవుతారు, జీతం ఎన్ఆర్ఐలకి ఉండే ఎన్‌ఆర్‌ఈ అకౌంటులో పడుతుంది, పన్ను ఉండదు, అందుకని ఐటీఆర్ వెయ్యరు. దాంతో లక్షల్లో జీతం ఉన్న మనిషి కాగితం మీద కనపడనే కనపడడు. పైగా సంవత్సరంలో నాలుగైదు నెలలు ఒడ్డున ఉన్నప్పుడు జీతమే పడదు. నిల్ రిటర్న్ (పన్ను సున్నా అని చూపించే ఐటీఆర్) ఏటా వేసుకోండి, సీడీసీలో (ఓడ ఉద్యోగుల సర్వీసు పుస్తకం) సైన్ ఆన్, సైన్ ఆఫ్ స్టాంపులు ఉన్న పేజీలు, కంపెనీ కాంట్రాక్ట్ లెటర్, ఎన్‌ఆర్‌ఈ స్టేట్‌మెంటు ఏడాదిది పెట్టి అప్లై చెయ్యండి. మామూలు రెసిడెంట్ కార్డ్‌కి కాదు, ఎన్ఆర్ఐ కేటగిరీలో.

రుషికొండలో కొత్తగా ఐటీ జాబ్ వచ్చింది, ఆఫర్ లెటర్ చాలా?

ఎక్కువ చోట్ల చాలదు. మూడు జీతాలు పడనివ్వండి, ముందు జీతం పడే బ్యాంకు యాప్‌లోనే చూడండి, చాలామందికి ప్రీ అప్రూవ్డ్ అక్కడే కనపడుతుంది, కాగితం ఒక్కటీ అడగరు. ఆధార్‌లో శ్రీకాకుళం అడ్రస్, ఉండేది మధురవాడ పీజీలో అయితే వెరిఫికేషన్‌కి వచ్చేవాడు ఏ ఇంటికి రావాలో అప్లికేషన్‌లో సరిగ్గా రాయండి, ఆ ఒక్క దగ్గరే బోలెడు రిజెక్ట్ అవుతున్నాయి.

జంక్షన్‌లో టేబుల్ వేసుకున్న కుర్రాడు "పే స్లిప్ నేను చూసుకుంటా సార్" అన్నాడు. ఇవ్వనా?

పారిపోండి. ఆ కుర్రాడికి కార్డ్‌కి ఇంత అని కమిషన్, తప్పుడు పే స్లిప్ దొరికితే దాని మీద సంతకం మాత్రం మీది. అది ఫోర్జరీ, మోసం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత కింద కేసు. పీడీఎఫ్‌లో పేరు స్పెల్లింగ్ సరిచేసుకోడానికి ఎడిట్ చేసినా అంతే, ఫైల్‌ని ఎప్పుడు ఎందులో మార్చారో దానిలోనే ఉండిపోతుంది. పేరు తప్పుంటే బ్యాంకులో మార్పించుకుని కొత్త స్టేట్‌మెంటు తీసుకోండి.

నేను హౌస్‌వైఫ్‌ని, నాకు ఆదాయమే లేదు. దారి లేదా?

ఉంది, నిజం చెప్పాలంటే ఇప్పటిదాకా చెప్పిన అందరికన్నా మీ దారే సులువు. ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టి దాని మీద కార్డ్ తీసుకోవడం. ఇన్‌కమ్ ప్రూఫ్ అక్కర్లేదు, స్కోరు అక్కర్లేదు, 18 నిండిన స్టూడెంట్లకీ చాలా చోట్ల ఇస్తారు. 20, 25 వేల ఎఫ్‌డీకే ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి, ఎఫ్‌డీలో 75 నుంచి 100 శాతం దాకా లిమిట్ ఇస్తారు. ఎఫ్‌డీకి వడ్డీ మామూలుగానే వస్తుంది, కాకపోతే కార్డ్ ఉన్నన్నాళ్ళూ దాన్ని తియ్యలేరు, దాన్నే లీన్ అంటారు. బిల్లు కట్టకపోతే అందులోంచి పట్టుకుంటారు.

నా మొదటి కార్డ్ కూడా ఇదే. అంతకుముందు ఒక బ్యాంకు నన్ను రెండుసార్లు తిప్పింది, ట్యాక్స్ లెక్కలు రాసేవాడికే ఇన్‌కమ్ ప్రూఫ్ చాల్లేదట, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. పంతం పోయి 25 వేలు ఎఫ్‌డీ పెట్టా, కరెంటు బిల్లు, పెట్రోలు దాని మీదే కట్టా, ఏడాది తిరిగేసరికి అదే బ్యాంకు వాళ్ళు ఫోన్ చేసి మామూలు కార్డ్ ఇస్తామన్నారు.

అడగాల్సిన ప్రశ్నలు రెండే. ఈ కార్డ్‌ని క్రెడిట్ బ్యూరోలకి రిపోర్ట్ చేస్తారా, ఏటా ఫీజు ఎంత. బ్యూరోలకి వెళ్ళకపోతే అది తీసుకుని లాభం లేదు. మీవారి కార్డ్ మీద యాడ్ ఆన్ తీసుకోవచ్చు గానీ బిల్లు బాధ్యత ఆయనదే, మీకంటూ చరిత్ర కావాలంటే మీ పేరున ఎఫ్‌డీ కార్డే మంచిది.

రిజెక్ట్ అయింది. వేరే నాలుగు బ్యాంకుల్లో ట్రై చెయ్యనా?

ఆగండి. అప్లై చేసిన ప్రతిసారీ రిపోర్ట్‌లో ఎంక్వయిరీ పడుతుంది, నెలలో ఐదు పడితే వీడికి డబ్బు అర్జెంటు అన్నట్టు కనపడుతుంది. ముందు కారణం రాతపూర్వకంగా అడగండి. ఆర్‌బీఐ కార్డ్ రూల్స్ ప్రకారం ఎందుకు ఇవ్వట్లేదో బ్యాంకు రాసి చెప్పాలి. "ఇంటర్నల్ పాలసీ" అని ఒక లైన్‌లో సరిపెడితే మళ్ళీ అడగండి. బ్యాంకుకి ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫోన్ 14448. అంబుడ్స్‌మన్ కార్డ్ ఇప్పించడు, జవాబు చెప్పని తీరు మీద అడుగుతాడు, అంతే. కారణం సరిచేసుకుని ఆరు నెలలాగి మళ్ళీ వెళ్ళండి.

అబ్బాయి ఎంఎస్‌కి అమెరికా వెళ్ళాడు, అక్కడ కార్డ్‌కి మా ఆదాయం చూపించొచ్చా?

అక్కడి రూల్ వేరండీ. 2009 నాటి కార్డ్ యాక్ట్ ప్రకారం 21 లోపు వాళ్ళు సొంత ఆదాయం చూపించాలి, 21 దాటితే తాను నిజంగా వాడుకోగలిగే డబ్బు కూడా చెప్పొచ్చని 2013లో సడలించారు. మీరు క్రమంగా అకౌంటుకి పంపేది, క్యాంపస్ జాబ్ జీతం, టీఏ, ఆర్‌ఏ (టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్) స్టైపెండ్ లెక్కలోకి వస్తాయి, ఇక్కడ మీ పేరున ఉన్న మొత్తం జీతం కాదు. మామూలుగా అంకె రాస్తే చాలు, కాగితాలు అడిగేది తక్కువ, అడిగితే మాత్రం చూపించగలగాలి. హిస్టరీ లేదు కాబట్టి 200 డాలర్లో ఎంతో డిపాజిట్ పెట్టి సెక్యూర్డ్ కార్డ్‌తో మొదలెడతారు చాలామంది, మన ఎఫ్‌డీ కార్డ్‌కి అక్కడి తమ్ముడనుకోండి.

సిబిల్ పెంచి కార్డ్ ఇప్పిస్తామని ఫోన్ వచ్చింది, 2 వేలు ఫీజు అంటున్నారు?

దొంగలు. కార్డ్ రాకముందే ప్రాసెసింగ్ ఫీజు అని ఫోన్‌లో అడిగితే అక్కడే పెట్టెయ్యండి. ఓటీపీ చెప్పొద్దు, స్క్రీన్ షేర్ యాప్ వెయ్యొద్దు. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

కార్డ్ వచ్చింది. ఇప్పుడు?

లిమిట్‌లో 30 శాతం లోపే వాడండి, బిల్లు మొత్తం కట్టండి. మినిమం డ్యూ కడితే సరిపోతుందనుకున్నవాళ్ళు నెలకి మూడు మూడున్నర శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నారు, మన వీధి వడ్డీ వ్యాపారి దీనికన్నా చవక. ఏటీఎంలో క్యాష్ మాత్రం తియ్యొద్దు, దానికి మొదటి రోజు నుంచే వడ్డీ. గడువు ఒకటి రెండు రోజులు దాటిందని వెంటనే డిఫాల్ట్ రాసెయ్యరు, మూడు రోజులు దాటాకే బ్యూరోకి పాస్ట్ డ్యూ అని పంపాలని రూల్, కానీ దాన్ని అలవాటు చేసుకోకండి. ఆరు నెలలకి స్కోరు పుడుతుంది, ఆ -1 పోతుంది.

మీ ఆఫీసుకి వస్తే కార్డ్‌కి మీరే అప్లై చేసి పెడతారా?

చెయ్యను. మీ ఓటీపీలు నాకొద్దు. ఐటీఆర్ వేయించుకోవాలంటే మాత్రం రండి, జూన్ పదిహేనుకి ఫారం 16 చేతికొస్తుంది, ఆ తర్వాత ఎప్పుడైనా సరే. జులై ఆఖరి వారం అందరూ కట్టకట్టుకుని వస్తారు, అప్పుడు వస్తే కూర్చోడానికి కుర్చీ కూడా ఉండదు, ముందే చెప్తున్నా.